జీవం లేదని సుంకన్న పక్కన పెట్టిన బోర్డు

నిన్న మధ్యాహ్నం ఆదోనిలో ఉన్నాను. సుంకన్న షెడ్డు కప్పుకు ఫోమ్ బోర్డులు బిగించడానికి పొడుగు స్క్రూలు, వెడల్పు వాషర్లు కట్టిస్తాండాను.

ఫోన్ మోగింది. సుంకన్న భార్య, శాంతమ్మ వదిన.

"యాడుండావు? మీ అన్న పడిపోయినాడు. ఎంత పిలిసినా పలకడంల్యా."

నేను ఎమ్మిగనూరు చేరేలోపే అయిపోయింది.

స్క్రూల ప్యాకెట్ ఇంకా బండి డిక్కీలోనే ఉంది.

సుంకన్న తెలియని వాళ్ళకు చెప్తాండాను. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద, నా పైపుల షాపు పక్కన బోరు మోటర్లు వైండింగ్ చేసేవాడు. ఇనుప రేకుల షెడ్డు. ఎండాకాలం ఆ రేకు కింద నిలబడితే నెత్తి మాడుతుంది. మోటర్లు ఎక్కువ కాలిపోయేదీ ఎండాకాలమే. రైతు వచ్చి "అన్నా, పైరు ఎండిపోతాంది" అని కూర్చుంటే ఈయన అన్నానికి కూడా లేచేవాడు కాదు. మోటరు ఆటో ఎక్కించి ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పి పంపేవాడు.

"సల్లగుండప్పా."

పోయినేడు గుండెకు స్టెంట్ వేసినారు. ఆ వేడిలో కూర్చోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పినాడు.

షెడ్డు మానమంటే మానడు. అయితే కప్పన్నా చల్లబడాల. అందుకే ఇద్దరం ఆదోని పోయినాం.

షాపాయన మూడు రకాలు ముందర పెట్టినాడు. తెల్ల థర్మకోల్. వెండి కాగితం అంటించిన మెత్తటి ఫోమ్ రోల్. గట్టి ఫోమ్ బోర్డు.

"రేకుల కప్పుకు గట్టిదే తీసుకోండన్నా. వంగదు, జారదు. కింద సిమెంటు బోర్డు కొట్టుకుంటే మీ సోల్డరింగ్ నిప్పుకూ భయం తగ్గుతాది" అన్నాడు.

సుంకన్న వింటే కదా.

వయసులో ఉన్నప్పుడు ఆదోని జిన్నింగ్ మిల్లులో పని చేసినాడు. అక్కడ పత్తిని పిడికిట్లో నొక్కి వదులుతారు. మళ్ళీ పొంగితే జీవం ఉన్న పత్తి. ఈయన లోకంలో అన్నిటినీ అట్లనే చూసేవాడు. బ్రెడ్డు, పరుపు, చివరికి నా షాపులో హోస్ పైపు కూడా.

థర్మకోల్ ఒత్తినాడు. గింజలు రాలినాయి.

"ఇది పెండ్లి స్టేజీకి పెట్టుకుంటారు."

గట్టి బోర్డు ఒత్తినాడు. బొటనవేలు దిగలేదు.

"సచ్చిన కట్టె. జీవం ల్యా దీంట్లో."

మెత్తటి రోల్ పిడికిట్లో పట్టి వదిలినాడు. పొంగింది.

"సూడప్పా, సరుకంటే ఇదీ!"

"అన్నా, మనం కొనేది కప్పుకు, దిండుకు కాదు" అన్నాను.

"నువ్వు పైపులు అమ్ముకోపో" అన్నాడు.

ఆ రోలే తెచ్చి గమ్ముతో రేకుకు అంటించినాం. ఎండ ముదిరేసరికి గమ్ము వదిలింది. ఫోమ్ అంతా బొజ్జలు బొజ్జలుగా కిందికి వేలాడింది. దాన్ని వైండింగ్ కట్టే టేపుతో పైకి లాగి కట్టినాడు. ఇంకోచోట జారింది. అక్కడా కట్టినాడు.

శాంతమ్మ వదిన టిఫిన్ క్యారియర్ తెచ్చి పైకి చూసి నాతో అనింది. "పిల్లోళ్ళు పెద్దోళ్ళయినాంక ఇన్ని ఉయ్యాలలు ఎవరికి కట్టినాడో అడుగు మీ అన్నను."

ఆయన పగలబడి నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడూ రావడం లేదు.

గట్టి బోర్డుకు ఒప్పుకునేసరికి ఈ ఎండాకాలం వచ్చింది. పోయిన వారం బోర్డులు దిగినాయి. బిగిద్దాం రా అన్నా అంటే, "ఈ మోటరు పోనీ" అన్నాడు. అది పోయింది, ఇంకోటి వచ్చింది. మళ్ళీ అదే మాట. గోడకు నిలబెట్టిన ఆ బోర్డులకే వీపు ఆనించి కూర్చుని, మండే రేకు కింద వైండింగ్ చేసుకున్నాడు.

ఎండకే పోయినాడని డాక్టర్ అనలేదు. నేనూ అనను.

కోపం మాత్రం పోవడం లేదు. ఎవరి మీద చూపించాల?

కూతురు పుణె నుంచి రావాలని నిన్న సాయంత్రం ఫ్రీజర్ బాక్స్ తెప్పించినారు. ఆటోలో నుంచి దింపేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేసినాను. ఒక మూల రేకు లేచి లోపలి ఫోమ్ కనబడింది. తెలియకుండానే బొటనవేలితో ఒత్తి చూసినాను.

దిగలేదు.

ఆయన్ను అందులోనే పడుకోబెట్టినాం.

ఈరోజు మధ్యాహ్నం తీసుకుపోతాండాం. షెడ్డులో రైతుల మోటర్లు ఇంకా ఉండాయి. ఎవరివో వాళ్ళు తర్వాత వచ్చి తీసుకోండి. వదినను అడగొద్దు, నన్ను అడగండి.

అన్నా, అందరికీ ఆ ఒక్క మాట చెప్పి పంపినావు. నిన్ను పంపేటప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది.

సల్లగుండన్నా. ఇంక ఎవరి మోటరూ నిన్ను లేపదు. నెమ్మదిగా పడుకో.