ఒడెస్సా కింది గొంతు

ఒడెస్సా టిల్మన్‌కి సంగీతం రాతలు చదవడం రాదన్న సంగతి బాల్టిమోర్ మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. ముప్పై ఏళ్లు సెయింట్ ఒస్వాల్డ్ చర్చిలో నా పక్కనే నిలబడి, నా గొంతు విని అందుకుని పాడేసింది. పుస్తకం మాత్రం బుద్ధిగా తెరిచి పట్టుకుని, నాతోపాటే పేజీ తిప్పేది.

మా చర్చిలో పాటల బృందమంటే ఆషామాషీ కాదు. మా తాతలు చందాలు పోగేసి ఆ ఇటుక గోడలు లేపిన నాటినుంచీ ఆరాధన అంతా పై గొంతు నుంచి కింది గొంతు దాకా నాలుగు గొంతుల్లో ఒకేసారి పాడాల్సిందే. ఒడెస్సాదీ నాదీ కింది గొంతు. ఒడెస్సా వాళ్లమ్మని, పాడేటప్పుడు బృందమంతా వేసుకునే పొడుగు అంగీతోనే పాతిపెట్టారు. "నన్నూ అలాగే పంపండే" అనేది ఒడెస్సా.

అలాంటి చోటికి ఆర్గన్ వాయించి బృందాన్ని నడపడానికి క్రెయిటన్ గారని కొత్తాయన వచ్చాడు. శనివారం ఒక్కొక్కరే వచ్చి కాగితం చూసి పాడి వినిపించాలన్నాడు. ఆ మాట చెబుదామని వెళితే ఒడెస్సా ఇంటిముందు పాలరాతి మెట్లు తోముతోంది. నేను చెప్పగానే చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"లవీనియా, నన్ను తీసేస్తాడే. అంగీ విప్పించేస్తాడు."

"చీపురుపుల్లలా ఉన్నాడు, వాడికి భయపడతావేంటే?"

"నీకేం, నీకు చదవడం వచ్చు. నవ్వకు."

ఆ వారమంతా దానికి ముద్ద దిగలేదు. నేను చేసిచ్చిన పీత వడలు పిల్లికి పెట్టేసింది.

శనివారం పొద్దున నేను అంగీల గది తలుపు వెనక నక్కాను. క్రెయిటన్ గారు ఒడెస్సా ముందు కాగితం పెట్టాడు. పాట మాటలు చూడగానే దాని ముఖం వెలిగింది. ఏడో ఏట నుంచీ పాడుతున్న పాట! కళ్లు మూసుకుని నాలుగు చరణాలూ తప్పు లేకుండా పాడేసింది. ఆయన మొదటి వరుసకే ఆర్గన్ ఆపేసిన సంగతి గమనించనే లేదు.

కొత్త పుస్తకంలో ఆ మాటలకే వేరే రాగం కట్టారు. కాగితం మీదున్నది ఆ కొత్త రాగం. ఒడెస్సా పాడింది మా పాతది.

"టిల్మన్ గారూ, ఈ రాగం ఇందులో ఎక్కడుందండీ?"

ఒడెస్సా బల్ల అంచు పట్టుకుంది.

"నాకవన్నీ చీమల బారులయ్యా," అంది చివరికి. "అంగీ ఇప్పుడే ఇచ్చెయ్యాలా?"

"మొదటి ఆదివారమే పట్టేశాను. మీరు లవీనియా గారి వెనకాలే అర క్షణం ఆలస్యంగా వస్తారు. అంగీ ఉంచుకోండి. కానీ ఇకమీదట ఆవిడ పక్కన నిలబడరు. మంగళవారం పదింటికి రండి, చీమలు నేర్పిస్తాను."

ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. అరవై రెండేళ్ల మనిషి, మంగళవారం మరింత పాలిపోయి, నన్ను తోడు తీసుకుని వచ్చింది. గుమ్మం దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బయటే కూర్చోవే. కూనిరాగం కూడా తియ్యకు. నీ గొంతు వినపడిందంటే నా చెవి అటే పోతుంది."

చెయ్యి వదిలి లోపలికెళ్లి, తలుపు తనే వేసుకుంది.