జంపయ్య పెట్టిన గింజలు

కొత్తగూడెం చివర, వాగు పక్కనున్న మా ఇప్పచెట్టు బస్తీలో ఇప్పుడు అందరూ పెద్దమనుషులే. లంబాడీల ఇళ్ళు, కల్లూరు, తల్లాడ వైపు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళు, సైకిల్ షాపు మహబూబ్ ఇల్లు, బొగ్గుబాయి పనివాళ్ళ ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఎవరిని కదిలించినా బస్తీని తామే నిలబెట్టామంటారు. జంపయ్య పేరు మాత్రం ఒక్కరి నోటా రాదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

జంపయ్య కోయాయన. చండ్రుగొండ అడవిపల్లె నుంచి భార్య పూలితో వచ్చి, తుప్పలు కొట్టి ఇక్కడ మొదటి ఇల్లు వేసుకున్నాడు. తర్వాత వచ్చిన ప్రతి కుటుంబానికీ జాగా చూపించిందీ ఆయనే. చూపించడమంటే వేలెత్తి చూపడం కాదు. వాళ్ళ ఆచారం ప్రకారం పొద్దుగూకేవేళ ఆ నేలమీద బియ్యపు గింజలు జతలుగా పెట్టి, పైన మోదుగాకు డొప్ప బోర్లించేవాడు. తెల్లారి తీసి చూస్తే గింజలు కదలకుండా ఉండాలి. చెదిరితే మరో చోటు వెతికేవాడు. లంబాడీ హరిలాల్‌కు అట్లాగే పెట్టాడు, మహబూబ్‌కూ అట్లాగే పెట్టాడు. నీది ఏ కులం, నీది ఏ ఊరు అని ఎవరినీ అడగలేదు.

పూలి జ్వరంతో పోయింది. మనిషి పోయిన ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగించకూడదని వాళ్ళింటి పట్టింపు. అప్పుడే కల్లూరు నుంచి వచ్చి కిరాయి ఇంటి కోసం తిరుగుతున్న ప్రభాకర్‌ను పిలిచాడు.

"నీకు గీ పట్టింపులు లేవు గద తమ్మీ, ఉండు," అని ఇల్లు అప్పజెప్పి, తాను వాగు ఒడ్డున గుడిసె వేసుకున్నాడు. దానికి మాత్రం గింజలు పెట్టలేదు. ఎందుకని హరిలాల్ అడిగితే, "పూలి లేని ఇంటికి మంచేంది, చెడేంది?" అన్నాడు.

రెండువేల ఎనిమిదిలో పట్టాలిస్తామన్నారు. ఎవరున్న చోటు వాళ్ళకే. వాగు ఒడ్డు గుడిసెలు మాత్రం తీసెయ్యాలి. జంపయ్య ప్రభాకర్ దగ్గరికి వెళ్ళాడు.

"ఇల్లు నువ్వే ఉంచుకో. నేను దాంట్ల ఎట్లాగూ ఉండ. పెరట్ల ఆ మూలకు గింత జాగ నాదని సార్లకు చెప్పు, చాలు. పూలి తిరిగిన తావు ఇడిసి యాడికి పోత?"

"అట్టాగే పెద్దయ్యా," అన్నాడు ప్రభాకర్.

మర్నాడు సర్వే ఆయన టేపు పట్టుకుని వచ్చి, "ఈ జాగా మొదటి నుంచి ఎవరిది?" అని అడిగాడు.

"మొత్తం మాదే సార్," అన్నాడు ప్రభాకర్, తడుముకోకుండా.

సర్వే ఆయన చుట్టూ నిలబడ్డవాళ్ళను చూశాడు. హరిలాల్ గోడ బజారులోకి జరిగి ఉంది. మహబూబ్ షెడ్డు ఇప్పచెట్టు మొదలు దాకా వచ్చింది. ఒకరి గుట్టు విప్పితే తమ గుట్టూ బయటపడుతుందని అందరికీ భయం.

"హరీ, నువ్వన్న చెప్పరాదు," అన్నాడు జంపయ్య. హరిలాల్ కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు కిందికి వంగాడు. ఇంకెవరూ నోరు మెదపలేదు. సిగ్గులేని జనం!

వారం తిరక్కుండానే గుడిసె పీకేశారు. మేనల్లుడి దగ్గరికి చండ్రుగొండ పోదామని జంపయ్య మూట కట్టుకుని ఇప్పచెట్టు కింద కూర్చున్నాడు. అప్పుడొచ్చాడు ప్రభాకర్. పెరటి మూల దాకా కలిపి స్లాబు ఇల్లు కడతాడట. మనిషి పోయిన చోటని భార్య సుజాత జంకుతోందట.

"నువ్వొకసారి గింజలు పెట్టి చూడు పెద్దయ్యా. దాని మనసు కుదుటపడుద్ది."

ఆ మాట అడగడానికి నోరెట్లా వచ్చిందో! జంపయ్య లేచి వెళ్ళి, తాను అడిగిన మూలలోనే గింజలు పెట్టాడు.

తెల్లారి బస్తీ అంతా అక్కడే మూగింది. నేనైతే చెదిరాయని అబద్ధం చెప్పేదాన్ని. జంపయ్య డొప్ప తీశాడు. ఒక్క గింజ కూడా కదల్లేదు.

"మంచి జాగ," అన్నాడు. వంగి గింజలన్నీ ఏరి తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. "గింజలు జాగ సంగతే చెప్తయి ప్రభాకరూ. దాంట్ల ఉండేటోళ్ళ సంగతి చెప్పవు."

మూట భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచాడు. ఒక్కరూ ఆపలేదు. ప్రభాకర్ అప్పటికే ఇంట్లోకి తిరిగి, పునాది గీతలు గియ్యాలి, ముగ్గు డబ్బా తెమ్మని సుజాతను కేకేస్తున్నాడు.