తొట్టిలో పెడతానని మొక్కుకున్న బిడ్డ

మట్టి బొమ్మలో ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. ప్రతి గుండె లోపలి చప్పుడూ ఎరిగినవాడు, పసివాడై చలిలో పుట్టడానికి వెనుదీయనివాడు, ఆయన నామానికే మహిమ. నా కొడుకు ఊపిరిని నిలబెట్టిన ఆయనను స్తుతించి ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను.

తొంభైల నడుమ మేము అశోక్‌నగర్‌లో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా సంఘం నారాయణగూడలో. పండుగ ముందు ఆదివారం సాయంత్రం మా గుడిలో క్రీస్తు పుట్టుక నాటకం వేస్తారు. అందులో బొమ్మను పెట్టరు. ఆ ఏడు సంఘంలో పుట్టిన ఒక బిడ్డను తెచ్చి, గడ్డి పరిచిన చెక్క తొట్టిలో పడుకోబెడతారు. పెళ్ళయిన కొత్తలో ఆ బిడ్డలను చూసి మురిసిపోయేదాన్ని. ఏళ్ళు గడిచి నా ఒడి నిండకపోయేసరికి, ఆ ఘట్టం వచ్చినప్పుడు తల వంచుకుని కూర్చోవడం అలవాటైంది.

ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. ప్రభువు నాకు బిడ్డనిస్తే ఈ తొట్టిలోనే తెచ్చి పెడతానని అందరి ముందూ చెప్పాను. సంఘమంతా ఆమెన్ అంది. మావాళ్ళలో సాక్ష్యంలో చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం ఉండదు. తర్వాతి ఫిబ్రవరిలో బాబు పుట్టాడు.

వానాకాలంలో వాడికి మొదటిసారి ఆయాసం వచ్చింది. ఛాతీకి చెవి ఆనిస్తే లోపల పిల్లికూతలు వినిపించేవి. దుమ్ము, పొగ, చల్లగాలి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. డిసెంబరులో ఈ ఊళ్ళో ఆ మూడింటినీ తప్పించుకుని పసివాణ్ణి ఎక్కడ దాచగలం?

అయినా అది మా ముగ్గురి మొదటి క్రిస్మస్. మా ఆయన వెదురుబద్దలు చీల్చి, రంగుకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి నక్షత్రం చేశారు. అది వెలిగినప్పుడల్లా బాబు రెండు చేతులూ చాచి కేరింతలు కొట్టేవాడు. నేను నవ్వుతూనే, ఆ కేరింత చివర కూత ఉందా అని చెవి ఒగ్గేదాన్ని. కేకు కోసం మైదా, గుడ్లు, నానబెట్టిన ఎండుద్రాక్ష స్టీలు గిన్నెల్లో సర్దుకుని చిక్కడపల్లి బేకరీకి వెళ్ళాం. మన సరుకులు ఇస్తే కలిపి వాళ్ళ బట్టీలో కాల్చి ఇచ్చేవాళ్ళు. మా ఆయన వరుసలో నిలబడితే, పొగ తగులుతుందని నేను బాబును ఎత్తుకుని రోడ్డుకు అవతల నిలబడ్డాను. కేకు వాసన మాత్రం మా దాకా వచ్చింది. వాడు ముక్కు ఎగబీల్చాడు. అది వాసనకా, జలుబుకా అని నాకు దిగులు.

నాటకం రోజు దగ్గరపడే కొద్దీ అన్నం సహించలేదు. అంబర్‌పేట్ వైపు బర్రెల కొట్టం నుంచి ఎండుగడ్డి వచ్చిందని, గుడి వసారాలో దులుపుతున్నారని మా ఆయన చెప్పారు. ఆ నాటకంలో ఆయనది హేరోదు రాజు వేషం. సంఘ కాపరి అయ్యగారితో మాట్లాడి మానేద్దామా అని అడిగారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో మాత్రం ఆయనతో కూడా చెప్పలేదు. ఇస్తానన్న బిడ్డను ఇవ్వకపోతే, ఇచ్చినవాడు తిరిగి తీసుకుంటాడేమోనని నా భయం.

ఆ భయం నా ముఖంలో మా ఓనరమ్మకు కనిపించింది. ఆవిడ కుటుంబం తరాలుగా ఈ ఊరిదే. నారాయణగూడలో వాళ్ళకు స్టీలు సామాన్ల దుకాణం. క్యారల్స్ వాళ్ళు రాత్రిపూట వచ్చి పాడిపోయిన మర్నాడల్లా, మీ దేవునికి పాటలెక్కువ, నిద్ర తక్కువ అని నన్ను ఆటపట్టించేది. ఆ రోజు బావి దగ్గర బట్టలు ఆరేస్తుంటే పట్టుకుంది.

"ఏంది బిడ్డా, పండుగ మీదా, మాదా? మొఖం గట్ల పెట్టినవ్?"

విషయం చెప్పాను. ఆవిడ చేతిలో బట్ట అక్కడే ఆగిపోయింది.

"గడ్డిల పండబెడ్తవా? ఈ దమ్ము పిల్లగాన్ని? జర సోచాయించు."

"మొక్కుకున్నానండీ. అందరిలో చెప్పాను."

"మేం మొక్కుకోమా? మా చిన్నోని పుట్టెంట్రుకలు తీపియ్య బయల్దేరినం. పొద్దుగాల చూస్తే జరం. మూట ఇప్పి ఇంట్ల కూసున్నం, మల్ల ఏడు పోయినం. దేవుడు ఏడికి పోతడు, ఆడనే ఉంటడు."

నేను తల ఊపాను గానీ ఆ మాట లోపలికి దిగలేదు. మొక్కుబడి ఆలస్యం చేయకూడదని చిన్నప్పటి నుంచి వాక్యం చదువుకున్నదాన్ని. కొండ దేవుళ్ళకు మొక్కే ఆవిడ దగ్గర మొక్కు గురించి నేర్చుకోవడమేమిటి అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఒక పాత నూలుచీర తెచ్చి ఇచ్చింది. ఉతికి, ఎండలో ఆరేసి, మెత్తగా మడిచి ఉంది. గడ్డి మీద వేసుకోమంది. కాదనలేక తీసుకున్నాను.

గుడిలో కిటికీ నుంచి పడే ఎండలో గడ్డి దుమ్ము ఇంకా తేలుతోంది. తొట్టి మీద చీర పరిచి, అంచులు కిందికి దోపాను. మరియ వేషం వేసిన అమ్మాయి నా సండే స్కూల్ విద్యార్థినే. టోపీ, స్వెట్టరు తొడిగి బాబును దాని చేతుల్లో పెట్టి, ముందు చాప మీద కూర్చున్నాను. పాట ఎత్తుకున్నారు. గొర్రెల కాపరుల వేషాల్లోని పిల్లలు తొట్టి చుట్టూ చేరి, ఒకరి మీద ఒకరు గడ్డి చల్లుకోవడం మొదలుపెట్టారు. సంఘమంతా నవ్వుతోంది. నేను డోలక్ చప్పుడు అడుగున వాడి ఊపిరిని వెతుక్కుంటున్నాను. ఏమీ వినపడటం లేదు.

దేవదూత మాట్లాడే చోట డోలక్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా, దారం లాగినట్టు, కూత. అంతమందిలో అది నాకొక్కదానికే తెలిసింది. మరియ మోకరించి బాబును తొట్టిలోకి వంచుతోంది. వాడి పొట్ట లోపలికి పీక్కుపోతోంది.

ఎలా లేచానో తెలియదు. వేదిక ఎక్కి చేతులు చాచాను.

"ఇప్పుడు కాదమ్మా. ఇటివ్వు."

ఆ అమ్మాయి ఇచ్చేసింది. పక్కనే మైకు పట్టుకుని ఉన్న అయ్యగారి వైపు తిరిగాను.

"అయ్యగారూ, నా మొక్కుబడి తీర్చలేకపోతున్నాను."

ఆయన మైకును అరచేత్తో మూశారు. "ముందు బిడ్డ సంగతి చూడమ్మా."

నేను మెట్లు దిగుతుండగా మరియ తొట్టిలోని చీరను తీసి ఉండలా చుట్టి, మళ్ళీ తొట్టిలో పెట్టి, ఏమీ జరగనట్టే దాని ముందు చేతులు జోడించిందట. జ్ఞానులు వచ్చి ఆ చీరకే మొక్కి కానుకలు పెట్టారట. ఇది తర్వాత విన్నాను. అప్పటికి మేము ఆటోలో ఉన్నాం. మా ఆయన అట్ట కిరీటం తీయడం మరిచిపోయారు, కాటుక మీసం చెమటకు కారుతోంది. బాబును తన శాలువాలో చుట్టి గుండెకు హత్తుకుని, త్వరగా పోనివ్వమని డ్రైవరును బతిమాలుతున్నారు. క్లినిక్‌లో కాంపౌండరు ఆయన్ని చూసి నవ్వబోయి, బిడ్డను చూసి ఆపుకున్నాడు.

డాక్టరు మందు పొగ పట్టించారు. మేము బెంచీ మీద కూర్చున్నాం. నాకు ప్రార్థన మాటలు రాలేదు. వాడు ఊపిరి తీస్తే ప్రభువా అనేదాన్ని, వదిలితే ప్రభువా అనేదాన్ని. చాలాసేపటికి పొట్ట లాగడం తగ్గింది. వాడు కళ్ళు తెరిచి, వాళ్ళ నాన్న కిరీటం మీదున్న మెరుపు కాగితాన్ని చేత్తో పీకాడు. ఆయన ఏడ్చారు.

మర్నాడు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. నన్నేమీ మందలించలేదు. నువ్వు ఆ మాట అన్నరోజే బిడ్డను ఇచ్చేశావు, ప్రభువు వాణ్ణి నీ దగ్గరే ఉంచాడు, జాగ్రత్తగా చూసుకో అన్నారు. ఆయన ప్రార్థిస్తుంటే బాబు ఆయన కళ్ళద్దాలు లాగాడు. గుమ్మంలో నిలబడ్డ ఓనరమ్మ ప్రార్థన అయ్యేదాకా ఆగి, ఆమెన్ అయ్యాక కోడిగుడ్డు లేని కేకు చేస్తే మేం గూడ తింటం అంది.

అయినా భయం పూర్తిగా వదల్లేదు. ఆ ఏడాదంతా వాడు దగ్గినప్పుడల్లా ఖాళీ తొట్టి గుర్తొచ్చేది. మరుసటి క్రిస్మస్‌కు అయ్యగారు గడ్డి తెప్పించలేదు. తొట్టిలో ఉతికిన చీరలే పరిపించారు, అడుగున ఓనరమ్మది. వేరే వాళ్ళ పాప అందులో పడుకుంది. నాటకం మధ్యలో మావాడు నా చేయి విడిపించుకుని, తప్పటడుగులతో వెళ్ళి, తొట్టి అంచు పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. పాప పక్కన ఉన్న జాగాలో ఒక కాలు పెట్టాడు. అందరూ నవ్వారు. ఈసారి నేను లేవలేదు. పక్కన మా ఆయన నా చేయి పట్టుకున్నారు. వేదిక మీది నక్షత్రం కింద నిలబడి వాడు తీస్తున్న ఊపిరి, అంత దూరం నుంచి నాకు వినిపించలేదు. వినిపించనందుకే దేవుణ్ణి స్తుతించాను. ఆ చలికాలంలోనూ వాడికి రెండుసార్లు ఆయాసం వచ్చింది, తగ్గింది.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఈ పండుగ దినాల్లో పాటల మధ్య కూర్చుని, బిడ్డ ఛాతీ మీదే చెవి పెట్టుకున్న తల్లులున్నారు. ప్రభువా, ఆ చిన్న ఊపిరులను నీ చేతిలో పట్టుకో. ఇస్తామన్నది ఇవ్వలేక వణుకుతున్నవారికి నీ ముఖం చూపించు. నీవు ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటావని వాళ్ళకు తెలియజెయ్యి. మీరూ నాతో ఆమెన్ అనండి.