పై బాల్కనీలో మార్త

నా భార్య మార్త పోయి ఈ ఆగస్టుకు మూడేళ్ళు. లండన్ నుంచి ఆమె రాసిన జాబులు 1977 తుఫానులో ఇల్లు కురిసి తడిసిపోయాయి. అందుకని జ్ఞాపకం ఉన్నంతమేరకే రాస్తున్నాను. మార్త మాటలు నాకు బాగానే జ్ఞాపకం ఉంటాయి.

మార్త మైలవరం పిల్ల. బెజవాడలో నర్సు చదివి ఇక్కడే ఉద్యోగంలో చేరింది. 1975 సెప్టెంబరులో ఆసుపత్రి వాళ్ళు ఆమెను ఏడాది కోర్సుకు లండన్ పంపారు. పాసై వస్తే నర్సింగ్ ట్యూటర్ ఉద్యోగం ఇస్తారు. తప్పితే మళ్ళీ పాత వార్డే.

మరుసటి ఏడు జూన్‌లో, పరీక్ష తప్పానని జాబు వచ్చింది. రాతపరీక్షలన్నీ బాగానే రాసింది. దెబ్బ తిన్నది పాఠం చెప్పే పరీక్షలో. పరీక్ష చేసేవాళ్ళు ముగ్గురూ తలనెరిసిన పెద్దవాళ్ళు. పెద్దల ముందు గొంతు తగ్గించాలని మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు నేర్పుతాం కదా, మార్త తల వంచుకుని ఎంతో ఒద్దికగా పాఠమంతా చెప్పింది. వాళ్ళు కాగితం మీద "వినపడలేదు" అని రాసి పంపేశారు. జులై పదిహేనున ఇంకొక్క అవకాశం ఉంది. ఆ తర్వాత లేదు.

నేను వెంటనే జవాబు రాశాను. మా ఆఫీసు నాటక సమాజంలో పదేళ్ళుగా వేషాలు వేస్తున్నవాణ్ణి, సలహాలకేం తక్కువ? రోజూ పొద్దున్నే థేమ్స్ ఒడ్డుకు పోయి గొంతెత్తి అరవమన్నాను.

"ఇక్కడ ఏటి ఒడ్డున అరిస్తే పోలీసులు వస్తారండీ," అని రాసింది మార్త. "నేనూ ఎఫువా నాటకాలకు వెళ్తున్నాం."

ఎఫువా ఘనా దేశపు నర్సు. ఇద్దరిదీ ఒకే గది. క్లాసులు దాదాపు అయిపోయాయి కాబట్టి సాయంత్రాలు తీరికే. ఎర్ర బస్సు పై అంతస్తులో ముందు సీటు పట్టుకుని ఊరంతా తిరిగేవాళ్ళు. కాగితంలో కట్టిన వేడి వేడి బంగాళాదుంప ముక్కల మీద వెనిగరనే పుల్లనీళ్ళు చల్లించుకుని నడుస్తూ తినేవాళ్ళు. తర్వాత నాటకశాలలో అన్నిటికంటే పై బాల్కనీ, చెక్క బెంచీ. అక్కడ తొమ్మిదిన్నరైనా వెలుతురు పోదట. బయటికి వచ్చేసరికి ఇంకా సాయంత్రమే అనిపించి ఇంటికి పోబుద్ధి కాదని రాసింది.

ఆ జాబు మా అమ్మ తెరేసమ్మకు చదివి వినిపించడం నా పొరపాటు.

"పరీక్ష తప్పింది, నాటకాలు చూస్తోంది. ఇదేం చదువురా శౌరీ?"

"మనసు బాగోక వెళ్ళిందేమోనే."

"మనసు బాగోకపోతే గుణదల కొండెక్కుతారు. బాల్కనీ ఎక్కుతారటరా?"

తర్వాతి జాబులో అక్కడి నాటకాలకు మైకు ఉండదని రాసింది. ఆ సంగతి రిహార్సల్లో చెబితే, మా రాజు వేషాల మంగరాజు హార్మోనియం మీద చెయ్యి ఆపాడు.

"మైకు లేకుండానా? ఏం, ఆ ఊళ్ళో కరెంటు లేదాండీ?"

మా నాటకాల్లో స్టేజి నడిమధ్య మైకు వేలాడేది. ఎవరి మాట వస్తే వాళ్ళు దాని కిందికి నడిచి వచ్చేవాళ్ళం.

"పోయినేడు శౌరిగారు కత్తిపోటు తిని, మైకు దాకా పాక్కుంటూ వచ్చి మరీ చచ్చారు. మేడంగారికి అదీ రాయండి," అన్నాడు మంగరాజు. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. పరీక్షకు మూడు వారాలు కూడా లేవు. నాటకాలు పరీక్ష అయ్యాక చూడొచ్చు కదా అని రాశాను.

దానికి పొడుగాటి జవాబు వచ్చింది. ఆమె చూస్తున్న నాటకంలో ఒక పనిమనిషి ఉందట. యజమానురాలు తిడితే తల దించుకుని నాలుగే మాటలు చెబుతుంది. "ఆమె అరవలేదండీ. తలైనా ఎత్తలేదు. అయినా ఆఖరి బెంచీలో ఉన్న నాకు ఒక్కొక్క మాటా వచ్చి చేరింది. తొందరపడలేదు. మాట చివర మింగలేదు. ఆ నాలుగు మాటల కోసం ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. మర్యాదగా ఉండాలంటే వినపడకూడదని నేనెందుకు అనుకున్నానో! రోజూ ఖాళీ క్లాసులో పాఠం చెబుతున్నాను. ఎఫువా చివర కూర్చుని, మాట అందకపోతే చేతిరుమాలు ఊపుతుంది. నిన్న రెండుసార్లే ఊపింది. మీరు మానమంటే నాటకాలు మానతాను గానీ, అరవను."

మానమని నేను రాయలేదు. ఆ జాబుతో నా దిగులు సగం తీరింది.

పదిహేనో తారీఖున పరీక్ష చేసే ముగ్గురిలో పెద్దావిడ కావాలనే వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. గాయానికి కట్టు కట్టే ముందు చేతులు ఎలా కడుక్కోవాలో మార్త నలభై నిమిషాలు చెప్పింది. తర్వాత ఆవిడ వెనకనుంచే ఏదో అడిగింది. మార్తకు అందలేదు. "క్షమించండమ్మా, మీ ప్రశ్న నాకు వినపడలేదు," అంది మెల్లిగానే. మిగతా ఇద్దరూ నవ్వేశారు. ఆవిడ లేచి నిలబడి మళ్ళీ అడిగింది. మార్త జవాబు చెప్పింది.

శుక్రవారం పొద్దున ఫలితం, శనివారం మాకు పాసయ్యానని టెలిగ్రాం. అమ్మ రెండుసార్లు చదివించుకుని, "ఆ పనిమనిషి వేషం కట్టిన పిల్ల పేరేమిటి? ఒక కొవ్వొత్తి వెలిగిస్తాను," అంది.

"పేరు రాయలేదే."

"మేరీమాతకు తెలుస్తుందిలే."

మార్త వచ్చిన నాలుగు రోజులకు, ఆమె లండన్‌లో పోస్టు చేసిన ఆఖరి జాబు దారిలో ఆలస్యమై వచ్చింది. ఆమె వంటింట్లో గోంగూర ఒలుస్తుంటే నేను వసారాలో విప్పి చదివాను. ఫలితం తెలిసిన రోజు సాయంత్రం రాసింది.

"ఇవాళ వేరే నాటకానికి వెళ్ళాం, హాస్యం. ఎవరు ఎలా మాట్లాడుతున్నారో గమనించలేదండీ. ఒకాయన పెట్టెలో దాక్కుని, మూత పడిపోయి బయటికి రాలేక తంటాలు పడుతుంటే, నేనూ ఎఫువా ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. ముందు బెంచీ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మేం నవ్వు తగ్గించలేదు."