మా అత్తగారి దీర్ఘాలు

పోయిన శనివారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మా అత్తగారు వెళ్ళిపోయారు. ఇందుకూరుపేట చుట్టుపక్కల ఊళ్ళలో బతుకంతా ఎలిమెంటరీ బడి టీచరుగా పనిచేసిన మనిషి. మీలో కొందరు ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకునే ఉంటారు, కొందరు చెవి మెలిపెట్టించుకునీ ఉంటారు. నేను ఆమె కోడల్ని. ఏడవడానికి ఇది రాయడం లేదు. ఆమె నన్ను గెలిపించారు, ఆ ముచ్చట మీకు చెప్పాలి.

డిగ్రీ దాకా నేను తెలుగు మీడియం. మా ఆయనకు రొయ్యల గుంటల దగ్గర పని. నాకేమో క్లాసులో నిలబడి పాఠం చెప్పాలని చిన్నప్పటి నుంచీ కోరిక. పెళ్ళయ్యాక మైపాడు రోడ్డులో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలువాళ్ళు డెమో క్లాసుకు పిలిచారు. పాఠం ఎలాగో గట్టెక్కింది. బెల్లు కొట్టాక ఊరుకోవచ్చు కదా, రెండు ముక్కలు ఇంగ్లీషు దంచుదామని "గో అండ్ ఈట్ యువర్ స్నేక్స్" అన్నాను. స్నాక్స్ అనబోయి పిల్లల్ని పాములు తినమన్నాను! పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. ప్రిన్సిపాల్ మేడం కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

ఇంటికొచ్చి మూల కూర్చున్నాను. అత్తగారు రొయ్యలు వలుస్తూ సంగతంతా లాగారు.

"పాములా? పులుసా, వేపుడా?" అన్నారు.

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. "ఇంగ్లీషు నాకు రాదులే అత్తయ్యా" అన్నాను.

"ఎందుకు రాదుమే? మెడకీ మేడకీ తేడా తెలిసినదానివి. అక్కడా దీర్ఘమే, ఇక్కడా దీర్ఘమే. మన దీర్ఘం మంచిది, కంటికి కనపడతా ఉంటది. వాళ్ళ దీర్ఘం దొంగది, ఎక్కడ దాక్కోనుందో మనమే పట్టుకోవాల."

ఆ దొంగను పట్టుకోవడమే మాకు రోజూ పని. చేటలో రొయ్యలు, పక్కన పలక. కొన్ని మాటల్లో రెండు అచ్చులు జంటగా వచ్చి గొంతు సాగదీస్తాయి. కొన్నింట్లో చివరన ఇంగ్లీషు 'ఈ' అక్షరం కూర్చుంటుంది, తను మాత్రం పలకదు. దానికి అత్తగారు పెట్టిన పేరు మూగత్త.

"కె, ఐ, టి. ఏంది?"

"కిట్."

"చివరన మూగత్త వచ్చి కూర్చుంది. ఇప్పుడు?"

"కైట్."

"చూసినావా! అత్త నోరు తెరవలా, గమ్మునుంది. లోపలుండే కోడలు మాత్రం లేచి తన పేరు తానే చెప్పుకునింది. ఐ అనే అక్షరం ఐ అనే పలికింది."

అలా పిన్ పైన్ అయింది, కట్ కాస్తా క్యూట్ అయింది. తప్పు చెబితే రొయ్య తొక్క వచ్చి నా మీద పడేది. "పాముకు తోకన అత్త ఉంది, చిరుతిండికి లేదు" అని స్నేక్, స్నాక్ నాచేత ఎన్నిసార్లు అనిపించారో! వీధిన పోయేవాళ్ళు "టీచరమ్మ కోడలికి పాము మంత్రం నేర్పతా ఉంది" అని నవ్వేవాళ్ళు. ఆమె వాళ్ళనీ పిలిచి కూర్చోబెట్టి రెండు మాటలు పలికించేవారు.

మరుసటి ఏడు అదే స్కూల్లో మళ్ళీ ఖాళీ వచ్చింది. నేను చచ్చినా పోనన్నాను. "పడినచోటే లెయ్యాల" అని చీర మార్చుకుని నాతో బయల్దేరారు. ప్రిన్సిపాల్ అనుమతి అడిగి వెనక బెంచీలో కూర్చున్నారు. జన్మలో గమ్మునుండని మనిషి, క్లాసు అయ్యేదాకా పెదవి విప్పలేదు.

మూగత్త కథ పిల్లలకు తెగ నచ్చింది. అంతలో ముందు బెంచీ పాప లేచింది. "మేడం, గివ్ చివర కూడా ఈ ఉంది కదా? మరి గైవ్ అనరేం? హ్యావ్, లవ్ కూడా అంతే!"

ప్రిన్సిపాల్ తలెత్తి నా వైపు చూశారు. ఇది అత్తగారు నేర్పలేదు. వెనక్కి చూస్తే ఆమె తీరిగ్గా ఫ్యాను చూస్తున్నారు. ఇంకోసారి నవ్వులపాలైతే మళ్ళీ బడి గడప తొక్కలేనని నాకు తెలుసు.

"గివ్ అంటే ఇవ్వడం, హ్యావ్ అంటే కలిగి ఉండడం, లవ్ అంటే ప్రేమ" అన్నాను మెల్లగా. "ఇచ్చే ఇంట్లో, కలిగిన ఇంట్లో, ప్రేమ ఉన్న ఇంట్లో కోడలు అత్తకు భయపడి లేచే పనేముంది? అందుకే అక్కడ గొంతు మారలేదు!"

పిల్లలు బల్లలు చరిచారు. ప్రిన్సిపాల్ ఈసారి కర్చీఫ్ తీయకుండానే నవ్వి, "ఎప్పుడు చేరతారు?" అన్నారు.

తిరుగు బస్సులో అత్తగారు "అది నేను చెప్పలేదే, నీకెట్టా తట్టింది మే!" అని నా చెయ్యి వదల్లేదు. కండక్టరుకూ, ముందు సీటు వాళ్ళకూ "మా కోడలు, ఇంగ్లీషు టీఈచరు" అని ఒకటే చెప్పడం. అంత పొడుగు దీర్ఘం నేను మళ్ళీ వినలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అదే స్కూల్లో పాఠం చెబుతున్నాను. ఆ గెలుపు సగానికి పైగా ఆమెదే.

భూస్థాపన రోజు చర్చి బోర్డు మీద సంఘపెద్ద ఒకాయన, ఆమె దగ్గరే చదువుకున్నవాడు, కళ్ళు తుడుచుకుంటూ సుద్దముక్కతో రాశాడు. కన్నుమూశారనడానికి మా చర్చిలో వాడే మాట, నిద్రించారు అని రాయబోయి, ఆ దుఃఖంలో చకు దీర్ఘం ఇవ్వడం మరిచిపోయాడు. ఎవరో గమనించి "మేడం, మీరు దిద్దండి" అని సుద్దముక్క నా చేతికిచ్చారు. బోర్డు దగ్గరికెళ్ళి చెయ్యెత్తాను.

'మన టీచరమ్మ గారు ప్రభువునందు నిద్రించరు.'

ఇంకోసారి చదివాను. తప్పేమీ కనిపించలేదు. సుద్దముక్క అక్కడే పెట్టి వచ్చేశాను.