సున్నం కొట్టించిన ఉత్తరం

ఏళ్లుగా ఒక భయాన్ని మోస్తున్నాను. ఇంటి ముందు బండి ఆగితే నాకోసమే వచ్చారనుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక దొంగ ఫిర్యాదు రాశాను. దానివల్ల ఒక మనిషి తనవాళ్లందరికీ దూరమైంది.

చిట్యాల దగ్గర మా ఊళ్లో నేను బోర్డులు రాసేవాణ్ణి. యాదగిరి నా దగ్గరే కుంచె పట్టాడు. ఇప్పుడతను పేరున్న చిత్రకారుడు. నాట్లు వేసే ఆడవాళ్లు, వంగిన నడుములు, బురద కాళ్లు, అవే అతని బొమ్మలు. ఫ్లెక్సీలొచ్చి నా పని పోయింది. అతను పట్నం పోయి ఎదిగాడు. అదీ ఓర్చుకున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో అతను మా ఊరి కమ్యూనిటీ హాలు గోడ మీద తన తల్లి లక్ష్మమ్మనూ, ఆమెతో నాట్లకు పోయేవాళ్లనూ వేశాడు. చీరలు మోకాళ్ల పైకి దోపుకొని, బురదలో నవ్వుతూ. ప్రారంభం రోజు మైకులో అందరికీ పేరుపేరునా దండం పెట్టాడు. టెంటు వేసినవాడికి కూడా. నా పేరు లేదు. తర్వాత ఎవరికో నన్ను చూపించి, ‘ఈయన మా ఊరాయన’ అన్నాడు. ఊరాయనట. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. మండకూడదని తెలుసు. అయినా మండుతోంది.

ఆ వారమే మండలాఫీసు అధికారులకు ఉత్తరం రాశాను. ఎడమచేత్తో. మా కాళ్లు చూపించి మా పరువు తీశారని. కింద ‘నాట్లు వేసే మహిళలు’ అని పెట్టాను. రేషన్ మీద, మురికికాలువ మీద నా పేరుతో ఎన్నో ఫిర్యాదులు రాశాను. దేనికీ ఎవరూ కదల్లేదు. దీనికి కదిలారు. మూడు రోజుల్లో గోడకు సున్నం పడింది.

లక్ష్మమ్మ ఏడవలేదు. తనతో ఒకే మడిలో వంగినవాళ్లే ఎవరిచేతనో రాయించారనుకుంది. వాళ్లు ఒట్టేసినా నమ్మలేదు. ఆ గుంపును విడిచి ఒక్కతే పత్తి ఏరడానికి పోయేది. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పానా? ఆమె మా వాకిలి ముందునుంచి ఒక్కతే పోతుంటే తలుపు చాటుకు తప్పుకునేవాణ్ణి. నిరుడు ఆమె చనిపోయింది. పాడె దగ్గరికి రావడానికి కూడా ఆ ఆడవాళ్లు జంకారు. వీధి మలుపులో నిలబడి చూశారు.

పోయిన వారం యాదగిరి మా ఇంటికి వచ్చాడు. ఆఫీసులో ఎవరినో పట్టుకొని ఆ ఉత్తరం సంపాదించాడట. తల్లిది పెద్ద బొమ్మ వేస్తున్నాడట.

“అన్నా, గీ ఉత్తరమంత ఆ బొమ్మ మీద రాయాలె. నీ చెయ్యే గావాలె.”

“కంప్యూటర్ల కొట్టిస్తే అయిపాయె గద.”

“మనిషి రాసింది మనిషే రాయాలె. జర సూడు, పైనా కిందా పెన్సిల్ గీతలు గీసి రాసిండ్రు. చెరిపిండ్రు గని పోలే. వేలిముద్రలేసేటోళ్లకు రాసిచ్చేటోళ్లు గిట్ల గీతలు గీసుకుంటరా?”

బోర్డులు రాసేవాడి అలవాటది. చెయ్యి మార్చాను గానీ అలవాటు మారలేదు. నేను టీ గ్లాసు వైపే చూశాను.

“అక్షరం నాకు నేర్పిందే నువ్వు. బొమ్మ కింద నీ పేరు గూడ ఏస్త,” అన్నాడు.

ఆ మాట కోసం ఎన్నేళ్లు చూశాను! ఇప్పుడు, ఈ ఉత్తరం కింద.

తెలిసే అడిగాడా? తెలిసి, నా చేతే మళ్లీ రాయిస్తున్నాడా? లేక నిజంగానే గురువనుకొని వచ్చాడా? రెండోదే అయితే నాకు ఇంకా భయం. తెలిసినవాడు తిడతాడు, కొడతాడు. తెలియనివాడు నా చేతిని తల్లి బొమ్మ మీద పెట్టిస్తాడు.

వస్తానన్నాను. బుధవారం రమ్మన్నాడు. అతనికి చెప్పే ధైర్యం నాకు ఉందో లేదో తెలియదు. ఆ ఆడవాళ్ల ముందు నిలబడగలనో లేదో అసలే తెలియదు. లక్ష్మమ్మకు ఎలాగూ చెప్పలేను.

ఆ ఆడవాళ్లెవరూ రాయలేదు. రాయించలేదు. నేను రాశాను. ఈ మాట ఇంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.