మొదటి మజిలీ యాడికి

తాడిపత్రి దగ్గర యాడికి అని ఒక ఊరుంది. మా వైపు ‘ఎక్కడికి’ అనడానికి కూడా యాడికి అనే అంటారు. ఈ రెండు సంగతులూ ముందే చెప్పకపోతే రెండేళ్ళుగా మా ఇంట్లో జరిగింది ఎవరికీ అర్థం కాదు.

మా ఆయన ముప్పై ఏళ్ళు పట్టునూలు వ్యాను నడిపాడు. హిందూపురంలో సరుకు ఎక్కించుకోవడం, దారిలో పెనుకొండలో మా ఇంటి ముందు ఆపి మజ్జిగ తాగడం, ధర్మవరంలో మగ్గాలవాళ్ళకు దించి రావడం. పొద్దున అటు, సాయంత్రం ఇటు. ఆ దారిలో ఏ గుంత ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు గానీ సముద్రం ఎట్లా ఉంటుందో తెలియదు. నాకూ తెలియదు. నేను పెనుకొండలోనే ఒక ఆఫీసులో ఫైళ్ళు సర్దీ సర్దీ రిటైరైనదాన్ని.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. బయల్దేరేటప్పుడు ఎవరూ యాడికి అని అడక్కూడదు. అడిగితే పని చెడుతుందని మా ఇళ్ళల్లో అందరూ అనుకునేదే, ఆయనకు మరీ ఎక్కువ. పెళ్ళయిన మూడో రోజు ఆయన బండెక్కుతుంటే నేను మామూలుగా అడిగేశాను. ఆయన ఇంజను ఆపి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి బయల్దేరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఆ రోజంతా ఏడ్చాను. మర్నాటి నుంచి అందరిలాగే “దూరమేనా?” అనడం నేర్చుకున్నాను. ఆయన “ఆ, కొంచెం దూరమే” అనేవాడు. ధర్మవరం ఏమంత దూరమని! ముప్పై ఏళ్ళూ పొద్దున పూట మా మధ్య నడిచిన మాటలు అవే.

ఆయన పని మానేసిన రోజు షావుకారు ఆ పాత వ్యానును ఆయనకే ఇచ్చేశాడు. దాన్ని ఇంటి ముందు నిలబెట్టి, చాలాసేపు చుట్టూ తిరిగి, లోపలికొచ్చి చెప్పాడు. “దీంట్లో సంసారం పెడదాం మే. పెన్న సముద్రంలో కలిసేదాకా దాంతోపాటే పోదాం.”

నాకు నవ్వొచ్చింది. మా వైపు పెన్న అంటే ఇసుకే. తీరా చూస్తే ఆ పిచ్చి నాకే ఎక్కువ పట్టింది. నోటుబుక్కు కొన్నది నేనే. గండికోట దగ్గర రెండు బండల గోడల మధ్య పాతాళంలో పారే పెన్న, ఆ తర్వాత వెలిగొండలు, చివరికి నెల్లూరు అవతల సముద్రం. ఏ ఊళ్ళో నీళ్ళు పట్టుకోవాలి, ఏ పెట్రోలు బంకులో బాత్రూము ఆడవాళ్ళు పోయేటట్టు ఉంటుంది, బండి ఎక్కడ పెట్టుకుని పడుకుంటే ఎవరూ వచ్చి లేపరు, అన్నీ ఆయన లారీ డ్రైవర్లకు ఫోన్లు చేసి అడగడం, నేను రాయడం.

హిందూపురంలో ఒక షెడ్డులో మంచం, నీళ్ళ ట్యాంకు, స్టవ్వు పెట్టుకునే బల్ల చేయించాం. స్టవ్వు ఆగ్నేయంలోనే ఉండాలని నేను పట్టుబట్టాను. షెడ్డాయన పాపం మర్యాదగానే అడిగాడు, బండి మలుపు తిరిగితే ఆగ్నేయం కూడా తిరుగుతాది కదమ్మా అని. ఇంటి ముందు తూర్పుముఖంగా నిలబెట్టినప్పుడన్నా సరిగ్గా ఉండాలి కదా అన్నాను. డ్రైవరు సీటు వెనక పెట్టించాను. మా ఆయన వారం రోజులు ఈ మాట వీధంతా చెప్పుకుని నవ్వాడు.

మొదటి రాత్రి యాడికిలో ఆగాలన్నది ఆయన ఆలోచన. దారికి కొంచెం పక్కకే, అయినా ఆయన లెక్క వేరే. “బయల్దేరేటప్పుడు ఎవరన్నా యాడికి అన్నారనుకో, యాడికే అని చెప్పొచ్చు. అది అడిగినట్ల కాదు, మనం పోయే ఊరి పేరు వాళ్ళే చెప్పినట్ల. దిగి నీళ్ళు తాగే పనుండదు” అన్నాడు. తన పట్టింపునే తాను బోల్తా కొట్టించినందుకు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నోటుబుక్కులో ఆయన చేత్తో రాసింది ఆ ఒక్క ముక్కే, మొదటి పేజీలో: మొదటి మజిలీ యాడికి.

బయల్దేరాల్సిన వారంలోనే ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. బెంగళూరు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఒకే ఒక్క మాట మిగిలింది. యాడికి. ఆకలైనా యాడికి, దాహమైనా యాడికి, ఫ్యాను ఆపమన్నా యాడికి. ఇలాంటప్పుడు ఒక్కోసారి ఒక మాట మిగిలిపోతుందని, లోపల ఎంత అర్థమవుతోందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆయన ఎక్కడికని అడుగుతున్నాడో, ఆ ఊరి పేరు చెప్తున్నాడో, ఏదీ కాక నోరు దానంతట అదే అంటోందో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయనకు ఒక పక్కే మొద్దుబారింది. నాకు రెండు పక్కలా. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా కళ్ళు పొడిగా ఉండటం చూసి గుండె ధైర్యం కలదని మెచ్చుకుని పోయేవాళ్ళు. ధైర్యం కాదు. అక్కడ ఏమీ లేదు. స్నానం చేయించడం, మాత్రలు వేయడం, రాగిజావ తాగించడం, మూతి తుడవడం, పక్క మార్చడం. సాయంత్రం నాలుగింటికి నోటుబుక్కు తీసి ఆయన పక్కన కూర్చుని చదివేదాన్ని. మంచానికి కమ్మీలు పెట్టించాలి, చక్రాల కుర్చీని బండిలోకి ఎక్కించడానికి పలక కావాలి అని కొత్తగా రాసేదాన్ని, కొన్నిటిని చేయించాను కూడా. ఆశ ఉండి కాదు. ఆఫీసులో ఎవరూ అడగని ఫైళ్ళు సర్దలేదూ, అట్లాగే. రెండేళ్ళు బండి కదల్లేదు కాబట్టి స్టవ్వు ఒక్కరోజు కూడా ఆగ్నేయం దాటలేదు.

మా తమ్ముడు హిందూపురం నుంచి ప్రతి ఆదివారం వచ్చి సాయం చేసి, బండి ఇంజను కాసేపు ఆడించి పోతుంటాడు. మొన్న వచ్చినప్పుడు, చిలమత్తూరులో ఒకాయన గొర్రెలను సంతకు తీసుకెళ్ళడానికి బండి అడుగుతున్నాడని చెప్పాడు. “ఎండకూ వానకూ తుప్పు పట్టిపోతాండాదక్కా. బావకు ఏం తెలుస్తాది?” అన్నాడు. నాకు కోపం రాలేదు. రావాల్సిందని తర్వాత అనుకున్నాను.

ఆయన్నే అడిగాను, అమ్మేద్దామా అని. యాడికి అన్నాడు. పోదామా అని అడిగాను. యాడికి అన్నాడు. అదే గొంతు, అదే చూపు. తమ్ముడు తల పక్కకు తిప్పుకున్నాడు. చివరికి నేనే చెప్పాను, ఒక్కసారి బండెక్కించి బయల్దేరదామని. ఆయనకు తెలుస్తోందని ఏ కొంచెం అనిపించినా సముద్రం దాకా పోదాం, లేకపోతే ధర్మవరంలోనే వెనక్కి తిప్పి, ఆ గొర్రెలాయనకు ఇచ్చేద్దువులే అన్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఎక్కించాం. పలక మీద కుర్చీ తోసి, మంచం మీదికి చేర్చి, వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. చక్కిలాల డబ్బా, శనక్కాయల పొడి, మందుల సంచి సర్దాను. వీధిలో నలుగురు చేరారు. ఆయన పట్టింపు తెలిసినవాళ్ళు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. తమ్ముడు బండి స్టార్టు చేశాడు.

“యాడికి” అన్నాడు మా ఆయన, గట్టిగా.

తమ్ముడు ఇంజను ఆపేశాడు. వీధిలో వాళ్ళు మొహాలు మొహాలు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడేం చేద్దామక్కా అని తమ్ముడు అడిగాడు. ఆయనైతే ఏం చేసేవాడో నాకు తెలుసు. దించుదాం అన్నాను. అంత కష్టపడి ఎక్కించినవాణ్ణి మళ్ళీ దించి, లోపలికి తీసుకుపోయి, చెంబుతో నీళ్ళు తాగించాను. సగం చొక్కా మీద కారాయి. చొక్కా మార్చాను. తమ్ముడు గడప మీద కూర్చుని, నేను ముందే చెప్పినా కదక్కా అన్నాడు. వాడి తప్పేమీ లేదు. నేను కూడా ఆ గొర్రెల గురించే ఆలోచిస్తున్నాను, మంచం తీసేస్తే ఎన్ని పడతాయా అని.

రెండోసారి ఎక్కించాం. తమ్ముడు తాళంచెవి మీద చెయ్యి పెట్టి ఆగాడు, మళ్ళీ అంటాడేమోనని. నేను మంచం పక్కన నిలబడి ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దుతున్నాను. ఎందుకొచ్చిందో, ఆ పాత మాట నా నోటికి వచ్చింది. రెండేళ్ళుగా దానితో పనే పడలేదు.

“దూరమేనా?” అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. పెదవులు రెండు మూడుసార్లు కదిలి ఆగాయి. ఎడమ పక్క మూతి కొంచెం పైకి లేచింది. ఆగ్నేయం గురించి వీధంతా చెప్పుకుని నవ్వినప్పుడు కూడా ఆ మూతి అట్లాగే లేచేది.

“యాడికే” అన్నాడు.

కి కాదు, కే. తమ్ముడికి ఆ తేడా వినపడలేదు. “మళ్ళీ దించల్లనా అక్కా?” అని వెనక్కి తిరిగాడు. నాకు అప్పటికే కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. పోనీమని చెయ్యి ఊపాను.